బాగేపల్లి ఈవల పెట్రోల్, ఆవల పెట్రోల్: నాణ్యత ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు

బెంగళూరులో ఉండే మనవాళ్లు అనంతపురం వైపు ఊరెళ్తుంటే బాగేపల్లి దాటకముందే ట్యాంక్ ఫుల్ చేయిస్తారు, చిత్తూరు వైపు వెళ్లేవాళ్లు ముళబాగిలులో ఆగుతారు. కారణం అందరికీ తెలిసిందే, ఆంధ్రాలో పెట్రోల్ మీద పన్ను ఎక్కువ, లీటరుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. ఈమధ్య దీనికి ఇంకో వాదన తోడైంది. కర్ణాటక పెట్రోలే స్వచ్ఛమైనదని ఒకరు, అదేం లేదు మా ఊరి బంకులో డెన్సిటీ (సాంద్రత) ఇంకా బాగుంటుందని మరొకరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "మీటర్ సున్నా చూస్తే చాలదు, డెన్సిటీ కూడా చూడండి, పెట్రోల్‌కు 730 నుంచి 800 ఉండాలి" అన్న పాత ఫార్వర్డ్ మళ్లీ పెడతారు. ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, వచ్చాక గొడవ ఇంకా ముదిరింది, మైలేజ్ తగ్గిన ప్రతివాడికీ అది కల్తీగానే కనిపిస్తోంది.

ఈ వాదనల్లో నిజం కొంత ఉంది, పొరపాటు కొంత ఉంది. విడదీసి చూడాలంటే ముందు "నాణ్యత" అని మనం దేన్ని అంటున్నామో తేల్చుకోవాలి.

రెండు వేరే ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి

మొదటి ప్రశ్న: ఈ ఇంధనం కాలితే గాలి ఎంత పాడవుతుంది? ఇది సల్ఫర్, బెంజీన్, సీసం లాంటి వాటికి సంబంధించింది. రెండో ప్రశ్న: రిఫైనరీలో బయల్దేరిన సరుకే నా బండిలో పడుతోందా, మధ్యలో ఎవరైనా ఏమైనా కలిపారా? ఇది కల్తీ గురించి. ఇవి కాక "లీటరు అంటే లీటరు పోస్తున్నాడా" అన్నది మూడోది. దాన్ని తూనికలు కొలతల శాఖ చూస్తుంది, ఐదు లీటర్ల కొలపాత్ర వాళ్ల ముద్రతోనే ఉంటుంది. నాణ్యతకూ దానికీ సంబంధం లేదు కాబట్టి ఇక్కడికి దాన్ని వదిలేద్దాం.

మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద చాలా స్పష్టంగా ఉంది. పెట్రోల్‌కు ఐఎస్ 2796, డీజిల్‌కు ఐఎస్ 1460, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు ఐఎస్ 17021 అని భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ప్రమాణాలు ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా భారత్ స్టేజ్-6 (బీఎస్-6, వాహన కాలుష్యానికి కేంద్రం పెట్టిన హద్దుల్లో ఆరో మెట్టు) ఇంధనమే. సల్ఫర్ 10 పీపీఎం మించకూడదు, అంటే కిలో ఇంధనంలో 10 మిల్లీగ్రాములు. బెంజీన్ ఒక శాతం లోపు ఉండాలి. పెట్రోల్‌లో సీసం కలపడం 2000 ఫిబ్రవరి నుంచే దేశవ్యాప్తంగా ఆగిపోయింది. ఈ లెక్కన బాగేపల్లిలో, హిందూపురంలో, కదిరిలో అమ్మాల్సింది ఒకే ప్రమాణం ఉన్న సరుకు.

అయితే "సిటీ పెట్రోల్ వేరు" అని పెద్దవాళ్లు అనే మాటకు ఆధారం లేకపోలేదు. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 ఇంధనం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకే వచ్చింది, మిగతా దేశం బీఎస్-3లో ఉంది. బీఎస్-4 డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎం అయితే బీఎస్-3లో 350. బీఎస్-4 దేశమంతటికీ చేరింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఓ పదిహేనేళ్ల కిందట బెంగళూరులో డీజిల్ కొట్టించుకుని ఊరెళ్లిన డ్రైవరు ఆ మాట అంటే తప్పు పట్టలేం. ఆ తేడా పోయి చాలాకాలమైంది, మాట మాత్రం మిగిలిపోయింది.

సల్ఫర్ మీదే ఇంత పట్టు ఎందుకు

40 లీటర్ల డీజిల్ ట్యాంక్ తీసుకుందాం, బరువు సుమారు 33 కిలోలు. బీఎస్-6 పరిమితి ప్రకారం అందులో సల్ఫర్ ఎక్కువలో ఎక్కువ మూడో వంతు గ్రాము. బీఎస్-4లో ఇది గ్రామున్నర పైచిలుకు, బీఎస్-3లో పదకొండున్నర గ్రాములు. 1990ల మొదట్లో మన డీజిల్‌కు అనుమతించిన సల్ఫర్ ఒక శాతం, అంటే అదే ట్యాంకులో 330 గ్రాములు. ప్రతి ఫుల్ ట్యాంకుకూ పావుకిలో దాటి గంధకం పొగగొట్టంలోంచి ఊరి మీదికి పోయేదన్నమాట.

సల్ఫర్ కాలితే వచ్చే వాయువు, దాన్నుంచి పుట్టే సన్నటి సల్ఫేట్ ధూళి, ఇవి ఊపిరితిత్తులకు చేటు అని వేరే చెప్పక్కర్లేదు. అసలు చిక్కు బండిలోపల ఉంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది, సల్ఫర్ ఆ పూత మీద పేరుకుని దాని పని చెడగొడుతుంది. డీజిల్ బండ్ల మసి ఫిల్టర్లదీ దాదాపు అదే కథ. అందుకే బీఎస్-6 ఇంజిన్ కావాలంటే బీఎస్-6 ఇంధనం ముందు రావాలి. మంచి ఇంధనం పాత బండిలో పోస్తే ఎంతో కొంత మేలే, చెడ్డ ఇంధనం కొత్త బండిలో పోస్తే ఆ బండికి పెట్టిన ఖరీదైన సరంజామా అంతా దండగ. కేంద్రం బీఎస్-5ను దాటవేసి నేరుగా 6కు వెళ్లాలని 2016లో తీసుకున్న నిర్ణయం వల్ల రిఫైనరీలన్నీ సల్ఫర్ తీసే యూనిట్లు కట్టుకోవాల్సి వచ్చింది, అదంతా చిన్న ఖర్చేమీ కాదు.

మంగళూరు నుంచి నాజిల్ దాకా

బెంగళూరులో రిఫైనరీ లేదు. మనకొచ్చే పెట్రోల్, డీజిల్‌లో పెద్ద భాగం మంగళూరు నుంచి హాసన్ మీదుగా వచ్చే పైపులైన్‌లో వస్తుంది, చెన్నై వైపు నుంచి ఇంకో దారి ఉంది. వైట్‌ఫీల్డ్ దాటాక దేవనగుంది దగ్గర పెద్ద పెద్ద ట్యాంకులు, రోడ్డు పొడుగునా ఆగి ఉన్న ట్యాంకర్ లారీలు కనిపిస్తాయి కదా, ఆ టెర్మినల్ నుంచే బంకులకు బయల్దేరుతుంది.

రిఫైనరీలో ఒక ట్యాంకు నిండగానే దాన్ని ఒక బ్యాచ్‌గా లెక్కేసి పూర్తి పరీక్షలు చేస్తారు. సల్ఫర్, బెంజీన్, ఆక్టేన్ (ఇంజిన్‌లో వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం), ఎంత వేడికి ఎంత భాగం ఆవిరవుతుంది, ఆవిరి పీడనం, అన్నీ. ఆక్టేన్ పరీక్ష చూడాల్సిన తతంగం: దానికోసం ప్రత్యేకంగా ఒంటి సిలిండర్ ఇంజిన్ ఉంటుంది, దాదాపు వందేళ్ల నాటి డిజైన్. అది నడుస్తుండగానే కంప్రెషన్ పెంచుతూ తగ్గిస్తూ, తెలిసిన మిశ్రమాలతో పోల్చి అంకె వేస్తారు. ఈ పరీక్షలన్నీ పాసైతేనే బ్యాచ్‌కు సర్టిఫికెట్.

ఆ తర్వాత పైపులైన్. ఒకే గొట్టంలో పెట్రోల్ వెనక డీజిల్, దాని వెనక ఇంకోటి, మధ్యలో అడ్డుగోడ ఏమీ లేకుండానే తోస్తారు. రెండూ కలిసే చోట కొంత సరుకు కలగాపులగం అవుతుంది, దాన్ని గుర్తించి పక్క ట్యాంకులోకి మళ్లిస్తారు. టెర్మినల్‌లో మళ్లీ పరీక్షలు ఉంటాయి, కాకపోతే రిఫైనరీలో చేసినన్ని కాదు. పైగా ఇథనాల్ కలిపేది రిఫైనరీలో కాదు, ఇక్కడే. అంటే రిఫైనరీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఉన్న ద్రవం, లారీకి ఎక్కే ద్రవం అచ్చంగా ఒకటి కావు. ఇథనాల్‌కూ సొంత ప్రమాణం ఉంది, దాని పరీక్ష దానిదే.

లారీ బంకుకు చేరాక డీలరు చూసేది ప్రధానంగా డెన్సిటీ, ట్యాంకర్ సీళ్లు, నీళ్లు. లారీ శాంపిల్ ఒకటి సీలు వేసి దాస్తారు. అంతే.

ఇక్కడ గమనించాల్సిందల్లా ఇదే, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో కీలకం కూడా: రిఫైనరీ నుంచి కిందికి వచ్చేకొద్దీ పరీక్షలు కుదించుకుపోతాయి, చేతులు మారడం మాత్రం పెరుగుతుంది. సల్ఫర్ ఎంతుందో తేల్చే యంత్రం ఏ బంకులోనూ ఉండదు. ఫిల్టర్ పేపర్ మీద పెట్రోల్ చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి అనే పరీక్ష బంకులో ఎవరైనా అడిగి చేయించుకోవచ్చు, అది బరువైన నూనెలు ఏవైనా కలిశాయా అనేది ఉజ్జాయింపుగా చెబుతుంది. గాలికి సంబంధించిన సంగతి ఒక్కటీ చెప్పదు. మనం ఆరు నెలలకో ఏడాదికో చేయించే పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అంతే, అది పొగను చూస్తుంది, ట్యాంకులో ఏముందో దానికి అనవసరం.

డెన్సిటీ ఎంత చెబుతుంది, ఎంత దాస్తుంది

డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఇంధనం ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. పెట్రోల్‌కు ప్రమాణం ఇచ్చిన హద్దులు 720 నుంచి 775, అదీ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఫార్వర్డ్‌లో తిరిగే 800 అందులో లేదు. 790 వచ్చిందంటే సంతోషించాల్సింది కాదు, అనుమానించాల్సింది.

ఇంతకీ బెంగళూరులో ఏ మధ్యాహ్నం 15 డిగ్రీలు ఉంటుంది? పెట్రోల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, డిగ్రీకి ఇంచుమించు 0.85 చొప్పున డెన్సిటీ తగ్గుతుంది. లారీతో వచ్చిన చలానాలో 748 అని ఉన్న సరుకును 30 డిగ్రీల దగ్గర హైడ్రోమీటర్‌తో చూస్తే 735 ప్రాంతంలో కనిపిస్తుంది. పట్టిక చూసి 15 డిగ్రీలకు మార్చుకోకపోతే పదమూడు పాయింట్లు ఎవడో మింగేశాడనిపిస్తుంది. బంకు సిబ్బందితో గొడవపడి వీడియోలు తీసేవాళ్లలో కొందరు ఇక్కడే దెబ్బతింటారు. మెషీన్ మీద కనిపించే అంకె కూడా చాలాచోట్ల ఉదయం కొలిచి ఎక్కించినదే తప్ప, మన బండిలో పడుతున్న చుక్కను అప్పటికప్పుడు కొలిచింది కాదు.

నిజానికి చూడాల్సింది అంకె పెద్దదా చిన్నదా అని కాదు, చలానాలో రాసినదానికీ ఇప్పటిదానికీ తేడా ఎంత అని. ఆయిల్ కంపెనీల మార్కెటింగ్ నిబంధనల్లో ఈ తేడా మూడు పాయింట్లు దాటకూడదు, అటైనా ఇటైనా.

ఇప్పుడు దొంగవైపు నుంచి లెక్కేద్దాం. 740 డెన్సిటీ ఉన్న పెట్రోల్‌లో 800 డెన్సిటీ ఉన్న కిరోసిన్ 5 శాతం కలిపాడనుకోండి. మిశ్రమం 743. తేడా సరిగ్గా మూడు, పరీక్ష పాస్. కిరోసిన్‌కు 10 పీపీఎం నియమం వర్తించదు, అందులో సల్ఫర్ వెయ్యి పీపీఎం ఉందనుకుంటే మిశ్రమంలో సల్ఫర్ 60 దాటుతుంది, బీఎస్-6 పరిమితికి ఆరు రెట్లు. డెన్సిటీ బోర్డు మీద ఏ మచ్చా పడదు. ఇంకాస్త తెలివైనవాడు బరువైన కిరోసిన్‌తో పాటు తేలికైన సాల్వెంట్ కూడా కలిపి అంకెను ఉన్నచోటే నిలబెడతాడు, లాక్టోమీటర్‌కు దొరక్కుండా నీళ్ల పాలలో పంచదార కలిపినట్టు.

దీన్ని పట్టుకోవాలంటే ల్యాబ్ కావాల్సిందే. పెట్రోల్ మొత్తం 210 డిగ్రీల లోపు ఆవిరైపోవాలని ప్రమాణం, కిరోసిన్‌లో అంతకుమించి మరిగే భాగం చాలా ఉంటుంది, కాబట్టి మరిగించి చూస్తే తోక బయటపడుతుంది. ఆక్టేన్ కూడా పడిపోతుంది.

శాంపిల్ తీసే అధికారం ఎవరికి ఉంది

2005లో నిత్యావసర వస్తువుల చట్టం కింద కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది, పెట్రోల్ డీజిల్ సరఫరాలో అక్రమాల నివారణకు. దాని ప్రకారం గెజిటెడ్ అధికారులు, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారులు, ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసర్లు తనిఖీ చేసి శాంపిల్ తీయొచ్చు. ఆచరణలో ఎక్కువగా కనిపించేది ఆహార పౌరసరఫరాల శాఖ, కంపెనీ ఆఫీసర్లు. అల్యూమినియం డబ్బాల్లో పెట్రోల్ అయితే లీటరు చొప్పున ఆరు, డీజిల్ అయితే మూడు తీసి సీలు వేస్తారు. కొన్ని డీలరుకు, కొన్ని ల్యాబ్‌కు, మిగతావి దాచడానికి. పెట్రోల్‌కు రెట్టింపు ఎందుకంటే ఆక్టేన్ ఇంజిన్ తాగేస్తుంది మరి. నాజిల్ శాంపిల్‌తో పాటు దాచిన లారీ శాంపిల్‌నూ పంపుతారు, తప్పు ట్యాంకర్ వచ్చేలోపే జరిగిందా, బంకులో జరిగిందా అనేది ఆ పోలికలోనే తేలుతుంది.

ఇది కాగితాల పని మాత్రమే అనుకుంటే పొరపాటు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగిన మంజునాథ్ షణ్ముగం ఐఐఎం లక్నోలో చదివి ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ ఆఫీసర్‌గా చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకును సీల్ చేయించి, మళ్లీ తనిఖీకి వెళ్లినందుకు 2005 నవంబర్ 19న కాల్చి చంపారు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను కల్తీ ముఠా తగలబెట్టింది.

మంజునాథ్ హత్య తర్వాత 2006లో కిరోసిన్‌లో రసాయన మార్కర్ కలిపే పద్ధతి తెచ్చారు, పెట్రోల్‌లో అది కనిపిస్తే కిరోసిన్ కలిసినట్టే. రెండేళ్లు తిరిగేసరికి దాన్ని పక్కన పెట్టేశారు. నిజంగా కిరోసిన్ కల్తీ నడుం విరిగింది రేషన్ కిరోసిన్ ధర మెల్లమెల్లగా పెంచుతూ 2020 నాటికి సబ్సిడీ తీసేశాక. లాభం లేని కల్తీ ఎవడు చేస్తాడు? ఇప్పుడు బెడద రూపం మార్చుకుంది, బయోడీజిల్ పేరుతో లారీలకు అమ్మే నానారకం నూనెలు, పరిశ్రమల సాల్వెంట్లు.

అమ్మేవాళ్లే పరీక్ష చేస్తే ఎలా

తరచూ వినే అభ్యంతరం ఇది. శాంపిల్ తీసేది చాలాసార్లు కంపెనీ మనిషి, ల్యాబ్ కంపెనీది, బంకు బోర్డు కంపెనీది. ఇక నిష్పాక్షికత ఎక్కడ? అటువైపు జవాబు కూడా తీసిపారేసేది కాదు: ఎనభై వేలకు పైగా బంకులున్న దేశంలో ఈ గొలుసు మొత్తం తెలిసినవాళ్లు, రోజూ ల్యాబ్‌లు నడిపేవాళ్లు కంపెనీలే, కల్తీ వల్ల ముందు పోయేది వాళ్ల పేరే. చట్టం గుర్తించిన ల్యాబ్‌ల జాబితాలో ప్రభుత్వ ల్యాబ్‌లూ ఉన్నాయి.

నాకు లోటనిపించేది వేరే చోట. మన పద్ధతి దొంగను పట్టుకోవడానికి తయారైంది, అనుమానం ఉన్నచోటికి వెళ్తుంది. యూరప్‌లో ఇంధన నాణ్యత చట్టం 1998 నుంచి ఉంది, దాని కింద ప్రతి దేశం వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, దొంగ ఉన్నాడా లేడా అనే దానితో పనిలేకుండా, గణాంక పద్ధతిలో ఎంచుకున్న బంకుల నుంచి శాంపిళ్లు తీసి పూర్తి పరీక్షలు చేసి ఏటా నివేదిక ఇవ్వాలి. రెండు కాలాలు ఎందుకంటే వేసవిలో పెట్రోల్ ఆవిరయ్యే తీరుకు వేరే హద్దు ఉంటుంది. అక్కడ అడిగే ప్రశ్న "ఈ బంకు దొంగదా" అని కాదు, "మన దేశంలో జనం కొంటున్న ఇంధనంలో సగటున సల్ఫర్ ఎంత" అని.

అమెరికా దారి ఇంకోటి. యూరప్‌లో 2009 నుంచి 10 పీపీఎం అంటే ఏ చుక్కకైనా 10. అమెరికా పెట్రోల్‌కు 2017 నుంచి ఉన్న 10 పీపీఎం రిఫైనరీ ఏడాది సగటు, ఒక్కో బ్యాచ్ గేటు దాటేటప్పుడు 80 వరకు, ఆ తర్వాత 95 వరకు ఉండొచ్చు. రిఫైనరీలకు వెసులుబాటు అని కొందరు, ఏ ఊరికి ఏ బ్యాచ్ వెళ్తుందో చెప్పలేమని కొందరు. పైకి మాత్రం రెండుచోట్లా అంకె 10.

ఈ20: ప్రమాణం ప్రకారమే ఉన్నా మైలేజ్ తగ్గితే

ఈ20 అమ్మకాన్ని ప్రధాని మొదలుపెట్టింది మన బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరి 6న ఇండియా ఎనర్జీ వీక్‌లో. 2025కల్లా దేశంలో చాలా బంకుల్లో అదే సాధారణ పెట్రోల్ అయిపోయింది. "కల్తీ పెట్రోల్" అన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఈ లెక్కలోకి వస్తాయి.

లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21. పది శాతం కలిపితే 30.9, ఇరవై శాతం కలిపితే 29.8. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే మూడున్నర శాతం తగ్గుదల, ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే ఏడు శాతం. ఈ10తో 15 కిలోమీటర్లు ఇచ్చిన కారు 14.5 ఇస్తుంది, 35 లీటర్ల ట్యాంకు మీద 18 కిలోమీటర్లు, మారతహళ్లి నుంచి మెజెస్టిక్ వెళ్లేంత దూరం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనూ పాత కార్లకు 6-7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం తగ్గుతుందనే ఉంది. అంతకుమించి తగ్గిందనేవాళ్ల విషయంలో ఇంజిన్ పాతబడటం, సిల్క్ బోర్డు ట్రాఫిక్, డ్రైవింగ్ తీరు ఇవన్నీ విడదీయడం కష్టం.

గాలి వైపు చూస్తే ఆ నివేదికే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు తగ్గుతాయంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లలో స్పష్టమైన మార్పు లేదంటుంది, ఆల్డిహైడ్లు పెరుగుతాయి. ఆక్టేన్ 95కు పెరుగుతుంది, కానీ దాన్ని వాడుకునేలా ట్యూన్ చేయని పాత ఇంజిన్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ. రైతుకు ఆదాయం, దిగుమతి ఖర్చు మిగులు అని ప్రభుత్వం. నా బండి మాన్యువల్‌లో ఈ10 అనే రాసుంది, వేరే పెట్రోల్ ఎంచుకునే వీలు ఏదీ అని వాహనదారు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది.

ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో వచ్చే ఇంకో తలనొప్పి నీళ్లు. మామూలు పెట్రోల్‌లో నీళ్లు పడితే అడుగుకు చేరతాయి, నీళ్లు తగిలితే రంగు మారే పేస్ట్ కడ్డీకి రాసి దించితే ఎత్తు తెలిసిపోతుంది. ఇథనాల్ మొదట ఆ నీటిని తనలో కలిపేసుకుంటుంది, ఒక హద్దు దాటాక ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్‌ను వదిలి అడుగుకు దిగిపోతాయి, పంపు పీల్చేదీ ఆ అడుగునుంచే. పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకే బంకులో పోయించుకున్న బండ్లు వరసగా ఆగిపోయాయని విన్నప్పుడు చూడాల్సింది ఇదే. అలాంటి కేసులో రిఫైనరీ బ్యాచ్ సర్టిఫికెట్ సరిగ్గానే ఉంటుంది, దేవనగుంది చలానా సరిగ్గానే ఉంటుంది, సీలు వేసి దాచిన లారీ శాంపిల్ కూడా పాసవుతుంది. తేడా బంకు భూగర్భ ట్యాంకు నుంచి తీసిన శాంపిల్‌లోనే దొరుకుతుంది, అప్పుడు నష్టపరిహారం గురించి మాట్లాడాల్సింది డీలరుతో.